అమ్మ పిలుపు వినబడే కంప్యూటర్



నా పేజీ తెరిస్తే మిరప రేటో, నల్ల తామర పురుగో, సాగర్ ఎడమ కాలవ నీళ్లో ఉంటాయి. ఈసారి కంప్యూటర్ గురించి రాస్తున్నా. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి. ఇవాళ మన ఊళ్లలో చాలా ఇళ్లలో పిల్లలు ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేస్తున్నారు. మా ఇంట్లో జరిగింది మీ ఇంట్లో జరక్కూడదని రాస్తున్నా.

మా ఊరు జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య, హైవే దిగి లోపలికి పోవాలి. ఇంట్లో రెండు గదులు, మధ్యలో హాలు. హాల్లో తూర్పు గోడకి అమ్మ మంచం, పడమటి గోడకి మా చిన్నమ్మాయి బల్ల. అమ్మకి ఎనభై రెండు. 2022లో గడప దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేయించాం. అప్పట్నుంచి రాత్రిళ్లు లేవాలంటే మనిషి సాయం ఉండాలి. మా అమ్మాయిది అమెరికా ఆసుపత్రుల బిల్లుల పని. సాయంత్రం ఆరున్నరకి కూర్చుంటే తెల్లవారుజామున మూడున్నరకి లేస్తుంది. మాటలుండవు, అంతా టైపింగే. వారానికి రెండు మీటింగులు మాత్రం ఉంటాయి. నేనూ మా ఆవిడా ఐదింటికి లేచి చేలోకి పోయేవాళ్లం. రాత్రి మెలకువగా ఉండేది మనవరాలు, రాత్రి లేవాల్సింది మామ్మ. దేవుడే కుదిర్చాడు అనుకున్నాం.

అడ్డం వచ్చింది ఆ కంప్యూటర్ మోత.

2020 లాక్‌డౌన్‌లో అమ్మాయి హైదరాబాద్ హాస్టల్ ఖాళీ చేసి వచ్చినప్పుడు తెలిసినాయన దగ్గర పద్నాలుగు వేలకి పాత సీపీయూ డబ్బా ఒకటి కొన్నాం. మొదట్లో బాగానే ఉంది. రెండేళ్లకి పిండిమర అయి కూర్చుంది. ఆన్ చెయ్యగానే గుయ్‌మని ఎత్తుకునేది, గంటయ్యాక గరగర కూడా తోడయ్యేది. ఒకసారి మీటింగులో వాళ్ల టీమ్ లీడర్ "ఏమ్మా, బస్సులో ఉన్నావా?" అని అడిగాడంట. అమ్మకి నిద్ర పట్టేది కాదు. అమ్మాయేమో ఆ రొద భరించలేక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటా పని చేసుకునేది. మేం పట్టించుకోలేదు. చేలో పని అలాంటిది.

2023 ఫిబ్రవరి, మిరప రెండో కోత రోజులు. నేను కల్లంలో కాయకి కాపలా పడుకున్నా. మా ఆవిడ పగలంతా కూలీలతో పాటు కోసి కోసి ఒళ్లు తెలీకుండా నిద్రపోతోంది. రాత్రి ఒంటిగంటప్పుడు అమ్మ పిలిచింది. మూడుసార్లు పిలిచిందంట. డబ్బా మోత, దాని మీద చెవుల్లో పాటలు. అమ్మాయికి వినబళ్లేదు. అమ్మ తనే లేవబోయి మంచం పక్కన పడిపోయింది.

ఎముక విరగలేదు, అదే పదివేలు. మణికట్టు బెణికింది, నుదుటి మీద బొప్పి కట్టింది. పొద్దున నేనొచ్చేసరికి అమ్మాయి ఏడుస్తోంది. "నాన్నా, పది అడుగుల దూరంలోనే ఉన్నా. వినబళ్లేదు" అంది. అమ్మ మాత్రం "దాన్నేం అనకురా అబ్బాయ్, అది పనిలో ఉంది" అంది.

నేనేమీ అనలేదు. కానీ అమ్మాయి తనని తనే అనుకుంది. రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు, ఉద్యోగం మానేసి మామ్మని చూసుకుంటానంది. మానితే, దాని జీతంతో కట్టే బ్యాంకు వాయిదా ఎవరు కట్టాలి? హైదరాబాద్ ఆఫీసుకి పోతే రాత్రిళ్లు అమ్మని ఎవరు లేపాలి? తప్పు పిల్లది కాదు, ఆ డబ్బాది. డబ్బా సంగతి చూద్దాం అనుకున్నా.

నా మొదటి తెలివి చెబుతా, మీరు చెయ్యకండి. సీపీయూని చెక్క బీరువా కింది అరలో పెట్టి తలుపు మూసేశా. పైన పాత దుప్పటి కూడా కప్పా. పది నిమిషాలు నిశ్శబ్దం. నా అంత వాడు లేడనుకున్నా. అరగంటకి లోపల ఫ్యాన్లు ముందుకంటే రెట్టింపు అరవడం మొదలెట్టినయ్. గంటకి కంప్యూటర్ దానంతటదే ఆగిపోయింది. తలుపు తీస్తే ఆవిరి కొట్టినట్టు వేడి. పచ్చి కాయని తడి ఆరకుండా బస్తాలో కుక్కితే లోపల ఎలా కాగుతుందో మనకి తెలుసు కదా, అదే జరిగింది. అప్పుడు బుర్రకెక్కింది. ఫ్యాను ఊరికే అరవదు, వేడి బయటికి పోక అరుస్తుంది. చప్పుడు తగ్గాలంటే మూసిపెట్టడం కాదు, గాలి ఆడనివ్వాలి.

రెండో తెలివి, పక్క తలుపు మరలు తీసి చూశా. లోపల ఉన్నది చూస్తే మీరు నమ్మరు. పత్తి నూగు, సున్నపు దుమ్ము, మిరప పొడి అన్నీ కలిసి అల్యూమినియం రెక్కల మధ్య ముతక గుడ్డలా పేరుకుపోయినయ్. ట్రాక్టర్ రేడియేటర్‌కి పొట్టు పట్టినట్టుంది. పంక్చర్ షాపుకి తీసుకుపోయి కంప్రెసర్ గాలి కొట్టించా. మిరప పొడి లేచి షాపు ఆయనా నేనూ అరగంట తుమ్మాం. ఒక జాగ్రత్త చెబుతా. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకోవాలి. లేకపోతే ఆ గాలికి అది ఉండాల్సిన దానికంటే వేగంగా తిరిగి బేరింగు పోతుంది. గొట్టంలో నీళ్ల తుంపర లేకుండా కూడా చూసుకోవాలి. నాకది తర్వాత తెలిసింది.

దుమ్ము పోయాక గుయ్‌మనేది తగ్గింది. గరగర పోలేదు. మన బోరు మోటార్లు వింటా పెరిగిన చెవులు మనవి. బేరింగు అరిగిన చప్పుడేదో, గాలి చప్పుడేదో, బెడ్డు వదులైన అదురేదో చెప్పగలం. అమ్మాయిని కూర్చోబెట్టుకుని ఒక్కో ఫ్యానునీ ఒక్క క్షణం వేలితో ఆపి, మోత ఎక్కడిదో లెక్క తీశాం. రెక్కలకి తగలకుండా మధ్య గుండ్రం మీద వేలు పెట్టాలి సుమా. నాలుగు చోట్ల తేలింది.

ఒకటి, ప్రాసెసర్ మీది చిన్న ఫ్యాను. రెండు, కరెంటు డబ్బాలో, అంటే పవర్ సప్లైలో ఉన్న చిన్న ఫ్యాను. మూడు, గ్రాఫిక్స్ కార్డు మీద అగ్గిపెట్టెంత ఫ్యాను, అన్నిటికంటే కీచుగా అరిచేది అదే. నాలుగు, హార్డ్ డిస్క్. అది నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. మన బోరు మోటారు తిరిగేది 2,900 దరిదాపుల్లో. ఆ డిస్కు అదురు రేకు డబ్బాకి ఎక్కి, డబ్బా నుంచి బల్లకి ఎక్కి, బల్ల డప్పులా మోగుతోంది.

అప్పుడు తేల్చుకున్నాం. మూడేళ్ల కింద చూసుకోకుండా కొన్న దానికి ఇంకా డబ్బులు పొయ్యడం దండగ. మిరప డబ్బులు రాగానే అమ్మాయీ నేనూ బస్సెక్కి విజయవాడ పోయాం. ఎక్కేముందే మనకి తెలిసిన మాటల్లో ఒక కాగితం మీద రాసుకున్నాం.

మొదటి మాట: పెద్ద ఫ్యాను, నిదానంగా తిరగాలి. ఇంట్లో సీలింగ్ ఫ్యాను చూడండి, పెద్ద రెక్కలు, నెమ్మది తిరుగుడు, హాలంతా గాలి. అదే గాలి చిన్న ఫ్యానుతో కావాలంటే అది గొంతు చించుకోవాలి. 80 మిల్లీమీటర్ల ఫ్యాను బదులు 120 మిల్లీమీటర్లది పెడితే వైశాల్యం రెండుంబావు రెట్లు. ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమే తగ్గుతుంది, చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి సగం అయినట్టుంటుంది. కాబట్టి ఒక ఫ్యాను వేగంగా తిప్పే కంటే రెండు నిదానంగా తిప్పడం మేలు.

రెండో మాట: వేడి పుట్టించనిది కొనాలి. బిల్లుల పనికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. బొమ్మ చూపించే శక్తి ప్రాసెసర్‌లోనే ఉంటే చాలు. అందుకని ఇంటెల్ ఐ3 12100 తీసుకున్నాం. దాని లెక్క 60 వాట్లు, బాగా బరువు పడ్డప్పుడు కాసేపు 89 దాకా పోతుంది. పుట్టని వేడిని తోడక్కర్లేదు కదా.

మూడో మాట: తిరిగేది ఎంత తక్కువుంటే అంత మంచిది. హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ. అందులో తిరిగే భాగమే లేదు. పవర్ సప్లై, తక్కువ లోడులో ఫ్యాను పూర్తిగా ఆగిపోయే రకం.

షాపులో కుర్రాడు మంచివాడే గానీ మమ్మల్ని చూడగానే ముందూ పక్కా అద్దాలు, లోపల ఏడు రంగుల లైట్లు ఉన్న క్యాబినెట్ చూపించాడు. "అంకుల్, ఇప్పుడంతా ఇదే పోతోంది" అన్నాడు. ముందు అద్దం మీద చెయ్యి పెట్టి "గాలి ఎట్టా పోద్ది బాబూ?" అన్నా. పక్కనున్న సన్న చీలిక చూపించాడు. ముక్కు మూసుకుని నోట్లో గడ్డిపోచ పెట్టుకుని పరిగెత్తమన్నట్టుంది. మాకు ముందంతా జాలీ ఉండి, జాలీ వెనక కడుక్కునే ఫిల్టరు ఉన్నది కావాలన్నాం. లోపల్నుంచి దుమ్ము పట్టిన పాత డబ్బా ఒకటి తెచ్చాడు. లైట్లు లేవు, అద్దం లేదు, ధర కూడా తక్కువ. అదే తీసుకున్నాం.

బిగించింది ఇంట్లోనే. షాపులో బిగించి ఇస్తామన్నారు, అమ్మాయి ఒప్పుకోలేదు. "రేపు పాడైతే మళ్లీ విజయవాడ రావాలా? నేనే నేర్చుకుంటా" అంది. హాల్లో అమ్మ మంచం పక్కనే చాప పరిచాం. అమ్మ పడుకుని చూస్తోంది. సిల్కు, పాలిస్టర్ బట్టలతో ముట్టుకోకూడదు, ముందు ఎర్తు ఉన్న ఇనుముని తాకి ఒంట్లో కరెంటు వదిలించుకోవాలి. ప్రాసెసర్ మీద తెల్ల పేస్టు బఠాణీ గింజంత చాలు, ఎక్కువ పూస్తే లాభం లేదు. దాని మీద కూలర్, అంటే సన్న రెక్కల అల్యూమినియం గోపురం, దానికి 120 మిల్లీమీటర్ల ఫ్యాను. ఆ నాలుగు మరలు ఒకటి పూర్తిగా బిగించి ఇంకోటి బిగించకూడదు. ట్రాలీ చక్రం నట్లలాగా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ఈ ఒక్క పని నేను చేశా, మిగతాదంతా అమ్మాయే.

ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి. లోపలికొచ్చేది ఎక్కువ, బయటికి పోయేది తక్కువ ఉండేట్టు పెట్టాం. అట్లా ఉంటే గాలి ఫిల్టరు గుండానే వస్తుంది, సందుల్లోంచి దుమ్ముని పీల్చదు. ఫ్యాన్లకి ఇనప మరలు కాకుండా రబ్బరు పిన్నులు వేశాం. డబ్బా నేల మీద పెట్టలేదు, అడుగు ఎత్తు పీట మీద పెట్టి కింద పాత ట్రాక్టర్ ట్యూబు ముక్కలు వేశాం. గోడకి జానెడు దూరం.

స్విచ్ వేశాం. ఫ్యాన్లు తిరిగినయ్, తెర మీద ఏమీ రాలేదు. నాకు చెమట పట్టింది. మిరప డబ్బులు పోయినట్టే అనుకున్నా. అమ్మాయి ఆపేసి, ప్లగ్గు పీకి, ర్యామ్ తీసి మళ్లీ పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కింది. టక్‌మని కూర్చుంది. తెర వెలిగింది. "చూశావా మామ్మా" అంది. అమ్మ "ఇంకా ఆన్ చెయ్యలేదనుకున్నానే" అంది. ఆ మాటకి అందరం నవ్వేశాం.

అంతలో డబ్బా మీద చెయ్యి వేస్తే జిల్లుమంది. మన ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, ఎర్తు వైరు ఉండదు. మర్నాడే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెరట్లో గొయ్యి తీయించి, ఉప్పూ బొగ్గూ వేసి ఎర్తు దించా. అన్నలూ, కంప్యూటర్ కొన్నా కొనకపోయినా ఈ పని మాత్రం చేయించండి. ఫ్రిజ్జుకీ, నీళ్ల మోటారుకీ, పిల్లల ప్రాణానికీ పనికొస్తుంది.

ఇంక ఫ్యాన్ల సెట్టింగు. ఆన్ చెయ్యగానే ఒక నీలం తెర వస్తుంది, బయోస్ అంటారు. అందులో ఎంత వేడికి ఎంత వేగం అని గీత గీసుకోవచ్చు. 60 డిగ్రీల దాకా నిమిషానికి 600 చుట్లు, ఆపైన మెల్లగా పెరిగేట్టు పెట్టుకున్నాం. వేడి ఒక్క క్షణం పెరగ్గానే ఫ్యాను ఎగిరి పడకుండా కొంచెం ఆలస్యంగా స్పందించమని కూడా చెప్పొచ్చు. చెవిని ఇబ్బంది పెట్టేది మోత కంటే ఎక్కువగా ఆ ఎగుడుదిగుడే. ఇంకో సంగతి, ఎంత గొప్ప ఫ్యాను పెట్టినా గదిలో ఉన్న వేడికంటే కిందికి దించలేదు. మన జిల్లా పేరు కృష్ణా నుంచి 2022లో ఎన్టీఆర్ అయింది గానీ మెట్ట ఎండలేం మారలేదు. మే నెల రాత్రిళ్లు హాల్లో 36 ఉంటే ఫ్యాన్లు 900కి పోతున్నయ్. అయినా మంచం దగ్గరికి వినబడదు. ఆ ప్రాసెసర్ 100 డిగ్రీల దాకా తట్టుకునే రకం, మాది 70 దాటింది చూళ్లేదు.

ఆ రాత్రి ఒక విచిత్రం చూశాం. పెద్ద మోత పోయేసరికి దాని వెనక దాక్కున్నవన్నీ బయటికొచ్చినయ్. గోడ గడియారం టిక్కుటిక్కు. సీలింగ్ ఫ్యాను కిర్రు. ఇన్వర్టర్ గుంయ్‌మనడం. అమ్మాయి కీబోర్డు చప్పుడు. "ఏందే, రాత్రంతా అటుకులు దంచుతున్నావు" అంది అమ్మ. గడియారం వంటింట్లోకి మార్చాం. సీలింగ్ ఫ్యాను బేరింగు మార్పించాం. మెత్తగా నొక్కుకునే కీబోర్డు ఎనిమిది వందలకి వచ్చింది. పాత ఇన్వర్టర్ మాత్రం అలాగే ఉంది, బ్యాటరీ మార్చేటప్పుడు సైన్ వేవ్ రకం తీసుకుంటా.

ఖర్చు సుమారు నలభై వేలు అయింది, తెర పాతదే వాడుకున్నాం. ఎక్కువే. కానీ చప్పుడు తక్కువంటే వేడి తక్కువ, వేడి తక్కువంటే కరెంటు తక్కువ. అది 2023 జూలై ఆఖర్లో తెలిసింది. మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చి బళ్లన్నీ ఆగిపోయిన రోజులవి. మా ఊళ్లో ఆ రాత్రి కరెంటు లేదు. మాది 150 ఏహెచ్ బ్యాటరీ. 12 వోల్టులతో గుణిస్తే 1,800 వాట్-అవర్లు. నష్టం పోను మూడింట రెండొంతులు, అంటే 1,200 చేతికొస్తుంది అనుకోండి. కంప్యూటర్, తెర, మోడెం కలిసి 75 వాట్లు, ఒక సీలింగ్ ఫ్యాను ఇంకో 75. మొత్తం 150. ఎనిమిది గంటలు వచ్చింది. పాత డబ్బా అయితే అర్ధరాత్రికే ఆరిపోయేది.

చాకిరీ ఒకటి ఉంది. ఫిల్టరు నెలకోసారి కడిగి నీడలో ఆరబెట్టాలి. పత్తి తీతలప్పుడు, మిరప కల్లం రోజుల్లో పదిహేను రోజులకోసారి. ఉరుములప్పుడు కరెంటు ప్లగ్గుతో పాటు నెట్ వైరు కూడా పీకాలి. ఇవి తప్పితే మళ్లీ పాత కథే.

ఈ పనంతా ఎందుకు చేశామో, అది నెరవేరిన రాత్రి చెప్పి ముగిస్తా. కొత్తది పెట్టిన వారానికి నేను ఇంట్లోనే పడుకున్నా. రైతు నిద్ర మీకు తెలుసు. మోటారు చప్పుడు ఉన్నంతసేపూ నిద్రపోతాం, ఆగితే మెలకువ వస్తుంది. ఆ నిశ్శబ్దానికి రెండింటప్పుడు మెలకువొచ్చింది. కరెంటు పోయిందేమో, అమ్మాయి పని ఆగిందేమో అని తలుపు దాకా వచ్చా. లైటు వెలుగుతోంది, అమ్మాయి పని చేసుకుంటోంది, చెవుల్లో ఏమీ లేవు.

అమ్మ పిలవనే లేదు. పక్కకి తిరగబోతే చేతి గాజు మంచం పట్టెకి తగిలి చిన్నగా టంగుమంది. అమ్మాయి అప్పటికే కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"లేస్తావా మామ్మా?"

"నువ్వు పని చేసుకోవే, నేనేం పిలవలా."

"వినబడిందిలే."

నేను మళ్లీ పోయి పడుకున్నా.